పేరు తెలియని పెద్దలకు నీళ్లు

తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో సహా చెప్పి, వాళ్లను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తలుచుకుని నీళ్లు వదలాలి. తాత పేరు దగ్గరే ఆగిపోయే కుటుంబం ఆ విధిని ఎలా నెరవేర్చాలన్నది పాత ప్రశ్నే. చిత్తూరు సీమ నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, ఫిజీ, మారిషస్‌లకు కూలికి వెళ్లినవాళ్ల వారసులకు మాత్రం అది కొత్తగా ఎదురవుతోంది. పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చి, కపిలతీర్థం గట్టున పురోహితుడి ముందు కూర్చున్నప్పుడు వాళ్లకు మొదట తటపటాయింపు వచ్చేది పేర్ల దగ్గరే.

ఆ పేర్లు వెతకాలంటే దస్త్రాలే దిక్కు. ఇంగ్లండులో బీదవాడి జాడ చర్చి జ్ఞానస్నానాల పుస్తకంలోనో, 1834 బీదల చట్టం తర్వాత పెరిగిన శ్రమశాలల దస్త్రాల్లోనో దొరుకుతుంది. మన కూలీల జాడ దొరికేది ఓడ జాబితాల్లో. మారిషస్‌కు భారతీయ కూలీల ఒప్పంద ప్రయాణాలు ఊపందుకున్నదీ 1834లోనే. నాటాల్‌కు తొలి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా నాటాల్‌కు ఒప్పందం మీద వెళ్లినవారు మొత్తం 1,52,184 మంది. 1876-78 కరువు, ఆ తర్వాతి కరువులు ఉత్తర ఆర్కాటు కూలీలను మద్రాసు డిపోల వైపు తోశాయి.

ఓడ జాబితాలో ఒక్కొక్కరికి ఒక నంబరు, ఒక వరుస. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివర ఒంటిమీది గుర్తు: మోకాలి కింద మచ్చ, నుదుట పచ్చబొట్టు లాంటివి. పారిపోతే పట్టుకోవడానికి రాసిన గుర్తే ఇప్పుడు ముత్తాతను మనిషిగా చూపించే ఏకైక వివరం. ఆడవాళ్లకూ విడిగా నంబరు ఉంది. నూరు మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లుండాలన్న నియమం వల్ల వాళ్లను లెక్కపెట్టక తప్పలేదు. కరణం లెక్కల్లో ఎన్నడూ కనబడని కూలి ఇంటి ఇల్లాలు అక్కడ సొంత పేరుతో, తండ్రి పేరుతో కనబడుతుంది.

లేనిది ఇంటిపేరు. తెలుగు కుటుంబాన్ని పట్టుకోవడానికి అదే మొదటి ఆధారం, కానీ జాబితా రాసిన గుమాస్తాకు దాంతో పని లేదు. నాటాల్‌లో తండ్రి పేరో, కులం తోకో ఇంటిపేరుగా స్థిరపడింది. అందువల్ల నాయుడు, రెడ్డి అన్నవి అక్కడ వేలమందిని కలుపుతాయే గానీ ఏ ఒక్క ఇంటినీ చూపించవు. జిల్లా పేరూ తికమక పెడుతుంది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు ఈ ఊళ్లలో చాలాభాగం ఉత్తర ఆర్కాటులో ఉండగా, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. ఊరి పేరూ అంతే: కొత్తపల్లె అనే ఊళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు.

ఊళ్లో మిగిలిన ఆధారాలు పలుచన. కరణం లెక్క భూమి ఉన్నవాడిదే. తలారి, వెట్టి మాన్యాలుంటే ఇనాం రిజిస్టర్లలో బీదవాడూ కనబడతాడు. మతం మారిన కుటుంబాలకు 1853లో మొదలైన ఆర్కాటు మిషన్, 1865 నుంచి పనిచేసిన జర్మన్ హెర్మన్స్‌బర్గ్ మిషన్ల జ్ఞానస్నాన పుస్తకాలు ఇంగ్లండు చర్చి పుస్తకంలాగే పనికొస్తాయి. గోత్రాలూ ఇంటిపేర్లూ పాడే పిచ్చిగుంట్లవారూ, మాదిగలకు డక్కలివారూ నోటి మీద దస్త్రం నడిపారు. ఊరొదిలి సముద్రం దాటినవాడి కొమ్మ ఆ పాటలో చేరలేదు.

ఇక శాస్త్రం. పేర్లు తెలియకపోతే తండ్రిని భూమిలో, తాతను అంతరిక్షంలో, ముత్తాతను ద్యులోకంలో ఉన్న పితరులుగా తలుచుకొమ్మని సూత్రగ్రంథాలే దారి చూపాయి. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే ఆచారమూ ఉంది. ఇది ఏదో ఓ మూల దాచిన మినహాయింపు మాత్రమే కాదు. తనవారెవరూ లేనివాళ్లందరికీ కలిపి నీళ్లు వదలడం తర్పణంలో భాగమే. సంకురాత్రికి పెద్దల పండుగ చేసుకునే ఇళ్లలో అయితే పేర్ల పట్టింపే తక్కువ. కొత్త బట్టలు పెట్టి, వండినదంతా విస్తట్లో వడ్డించి, సాంబ్రాణి వేసి ‘పెద్దలకు’ అంటే ఎవరికి చేరాలో వాళ్లకు చేరుతుందని నమ్మకం. ఓడెక్కినవాళ్లలో చాలామంది ఈ ఇళ్లవాళ్లే. నాటాల్‌లో ఈనాటికీ పెరటాసి నెలంతా మాంసం మాని గోవిందా అంటున్న కుటుంబాలకు తిరుమల తెలుసు, తాత ఊరు తెలియదు.

అలాంటప్పుడు దస్త్రం వెతకడం పితృఋణం కోసమని చెప్పడం సరిగాదు. ఆ ఋణం పేరు లేకుండానే తీరుతుంది. కానీ నంబరుగా లెక్కపెట్టిన మనిషికి ఊరూ తండ్రీ ఉండేవారని నిరూపించడం వేరే బాధ్యత, దాన్ని దస్త్రమే తీర్చగలదు. ఈ రెంటినీ కలిపితేనే చిక్కు. వయసూ తాలూకా కలిసినంతమాత్రాన జాబితాలోని ఒక మునిసామిని ముత్తాతగా నిర్ణయించి సంకల్పంలో చెప్పిస్తే, అది ఇంకొకరి ముత్తాతకు ఇచ్చిన నీళ్లు కావచ్చు. శాస్త్రం ఖాళీని ఒప్పుకుంటుంది, ఊహను కాదు. నంబరు, తండ్రి పేరు, ఊరు, నాటాల్ వివాహ దస్త్రం నాలుగూ ఒకే మనిషిని చూపితే ఆ పేరు చెప్పవచ్చు. లేదంటే తెలిసిన తరం వరకు పేరుతోనూ, ఆపైన భూమి, అంతరిక్షం, ద్యులోకాల్లోని పితరులనీ చెప్పడమే విధి.