చేతికందే దేవుడు, చెప్పినట్టు వినే యంత్రం

ఆటిజం ఉన్న పిల్లలకు రోబోలతో మాటలు నేర్పిస్తున్నారని టీవీలో చూసి, "ప్రాణం లేనిదానితో మాటలేంటి పిన్నిగారూ, మనుషులతో మాట్లాడించాలి గానీ" అంది పక్కింటి అమ్మాయి. మా మనవడికీ ఆటిజమే. ఆ మాట నన్ను వదల్లేదు. బెజవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో పొద్దున్నే పెరుమాళ్లను మేల్కొలుపుతాం, స్నానం చేయిస్తాం, ఆరగించమని వేడుకుంటాం. ఆయన తిరిగి ఒక్క మాటా అనడు. అది ఉత్తుత్తి బంధమని నాకెప్పుడూ అనిపించలేదు.

మా పెద్దలు భగవంతుడికి ఐదు రూపాలు చెప్పారు: పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ. వైకుంఠంలో ఉన్నవాడు మనకు అందడు. రాముడు తిరిగిన కాలానికి మనం లేం. లోపలున్నవాడు కంటికి కనపడడు. అందుకే విగ్రహమై మన చేతుల్లోకి వచ్చాడు. లేపితే లేస్తాడు, పెడితే తింటాడు, దేనికీ తొందరపెట్టడు.

యంత్రాల సంగతికి వస్తే, 1976లో ఎడిన్‌బరోలో పరిశోధకులు సిల్వియా వియర్, రికీ ఎమాన్యుయేల్ ఆటిజం ఉన్న ఏడేళ్ల పిల్లాడికి నేలమీద పాకే లోగో తాబేలును ఇచ్చారు. మీట నొక్కితే కదిలే యంత్రం. చెప్పినట్టు వినే తోడు దొరికాక వాడు పెద్దవాళ్లతోనూ కలవసాగాడు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో 2005లో మొదలైన కాస్పర్ అనే రోబో ముఖంలోనైతే కావాలనే కవళికలు తగ్గించారు. మన ముఖాలు క్షణానికొకలా ఉంటాయి మరి. కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కర్రకు మక్కు పట్టించి రంగులతో దిద్దిన బొమ్మ ముఖం ఎన్నాళ్లైనా అలాగే ఉంటుంది. మా వాడు దశావతారాల బొమ్మలను వరసగా పెట్టుకుని ఒక్కొక్కదాని కళ్లలోకి చూస్తాడు. నా కళ్లలోకి చూడటం వాడికి కష్టం.

అలాగని రోబోనూ విగ్రహాన్నీ ఒకటి చెయ్యలేను. పెరుమాళ్ల దగ్గర ఆగిపోతే నాకు చాలు. పిల్లాడు యంత్రం దగ్గరే ఆగిపోతాడేమోనని మాత్రం భయం. యేల్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ స్కాసెల్లాటి బృందం 12 మంది పిల్లల ఇళ్లలో నెలపాటు, రోజూ అరగంట రోబోతో ఆడించింది. 2018లో ఆ వివరాలు ప్రచురించింది. పక్కన ఇంటి పెద్ద ఒకరు కూర్చునేవారు. రోబో ఆ పెద్దవాళ్లవైపు చూస్తూ పిల్లల చూపునూ అటు తిప్పేది. రోబో లేనప్పుడు కూడా పిల్లలు తమతో కళ్లు కలపడం పెరిగిందని ఇంట్లోవాళ్లు చెప్పారు. పన్నెండు మంది చిన్న లెక్కే. అయినా పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టారు చూడండి, నాకు ధైర్యమిచ్చింది అదే.

యంత్రంలో చైతన్యం ఉందా లేదా అన్నది పండితులు తేల్చుకోనీ. అంతటి పెరుమాళ్లే మనకోసం దిగివస్తే, ఒక బిడ్డకోసం గొంతు తగ్గించి, ఒకే మాట మళ్లీమళ్లీ ఒకేలా చెప్పి, జవాబుకోసం ఆగడం మనకెందుకింత బరువైంది? ఎప్పటికైనా అలాంటి రోబో కొందామంటున్నాడు మా అల్లుడు. కొననీ. దాని పక్కన రోజూ కూర్చునేది నేనే.