బతికి ఉన్న చేతులకు మొక్కండి

చైనాలోని హుబే ప్రాంతంలో షియావోగాన్ అనే నగరం ఉంది. ఒక కొడుకు పితృభక్తికి దైవమే కరిగివచ్చిందన్న గాథ వల్ల ఆ ఊరికి ఆ పేరు నిలిచింది. ఆ కొడుకు డాంగ్ యోంగ్, హాన్ రాజుల కాలపు నిరుపేద. తండ్రి చనిపోతే అంత్యక్రియలకు పైకం లేక తనను తానే ఒక ధనికునికి అమ్ముకున్నాడు. చాకిరీకి పోయే దారిలో ఒక యువతి ఎదురై తనను పెండ్లాడమన్నది. ఇద్దరూ యజమాని ఇంటికి చేరారు. మూడు వందల తానుల పట్టుబట్ట నేసి ఇస్తే విడిచిపెడతానన్నాడు యజమాని. ఆమె ఒక్క నెలలో నేసి ఇచ్చింది. అప్పు తీరి తిరిగివస్తూ, తొలిసారి కలుసుకున్న చెట్టు నీడకు చేరగానే, తాను దేవకన్యనని చెప్పి ఆకాశానికి వెళ్లిపోయింది. చైనా పిల్లలకు పెద్దలు తరతరాలుగా చెప్పిన ఇరవైనాలుగు పితృభక్తుల కథల్లో ఇది ఒకటి.

మూడు వందల తానులంటే ఏమిటో పోచంపల్లి మగ్గాల వారికి వేరే చెప్పనక్కరలేదు. నూలు మగ్గం ఎక్కకముందే ఎంత చాకిరీ జరుగుతుందో వారికి తెలుసు. ఆసు పోయాలి, రంగు అంటకూడని చోట పోగులకు చిటికి కట్టాలి, రంగుల్లో ముంచాలి, ఆరబెట్టాలి, మళ్లీ కట్టాలి. ఆ చాకిరీ గాథలో కనిపించదు. నేసింది దేవకన్య గనుక ఆమెకు భుజం నొప్పి పుట్టలేదు. మన తల్లులు దేవకన్యలు కారు.

ఆసు పోయడం చూడని వారి కోసం చెబుతున్నాను. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల మీదికి, నడుమనున్న మేకు నుంచి దారాన్ని ఒక్కొక్క పోగుగా తీసుకుపోయి చుట్టాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. ఇది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేశారు. వంట ముగించి ఆసు ముందు కూర్చున్నారు, ఆసు ముగించి మళ్లీ పొయ్యి ముందు కూర్చున్నారు. చీర పూర్తయ్యాక పొగడ్త పొందింది అంచు, రంగు, పనితనం. ఆ భుజాన్ని ఎవరూ తలవలేదు.

ఒక కొడుకు తలచాడు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన నేతకాని బిడ్డ. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజమూ మోచేయీ నొప్పితో విలవిలలాడటం చూసి, ఆ పని చేసే యంత్రం కట్టాలని పూనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు, ఇంజనీరింగు చదువు లేదు. ఏండ్ల తరబడి పట్టు విడవక 1999లో యంత్రాన్ని నిలబెట్టి, దానికి తల్లి పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం మీద ఒక చీర ఆసు గంటన్నరలో పూర్తవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

డాంగ్ యోంగ్ గొప్పవాడే, కాదనను. కానీ అతడు తనను అమ్ముకున్నది తండ్రి పోయిన తరువాత. మల్లేశం తల్లి బతికి ఉండగా ఆమె నొప్పి చూశాడు. నా తీర్పు అడిగితే ఈ రెండవ భక్తే మిన్న. చనిపోయిన వారికి చేసే మర్యాద లోకం చూస్తుంది, మెచ్చుతుంది. బతికి ఉన్నవారి నొప్పి ఇంటి నాలుగు గోడల మధ్య ఉంటుంది. దాన్ని చూడాలంటే కన్నులో తడి ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆ ఇరవైనాలుగు కథల్లోనే గువో జూ అనే వాని కథ ఉంది. పేదరికంలో తల్లికి తిండి చాలదని, తన పసిబిడ్డను పాతిపెట్టడానికి గొయ్యి తవ్వాడు. ఆ గోతిలో బంగారం దొరికిందని కథ ముగుస్తుంది. లూ సున్ అనే మహారచయిత 1926లో దీని గురించి రాస్తూ, చిన్ననాడు ఈ కథ చదివి, మా నాన్న కూడా ఇంతటి భక్తుడైతే పాతిపెట్టేది నన్నే కదా అని భయపడ్డానన్నాడు. పెద్దల పేర పిల్లల బతుకును బలిపెట్టేది భక్తి కాదు, ధర్మం అసలే కాదు. తల్లికి సాయమని చెప్పి బడి ఈడు బిడ్డను చిటికి కట్టడానికి కూర్చోబెట్టిన ఇల్లు కూడా ఆ గోతికి దూరంలో లేదు. ఆ గోతిలో మనకు బంగారం దొరకదు.

పోచంపల్లి పద్మశాలీలకూ దివ్యమైన గాథ ఉంది. మార్కండేయుని కుమారుడు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు వస్త్రం నేశాడు. శ్రావణ పున్నమినాడు కొత్త జంధ్యం వేసుకొని ఆ మూలపురుషులను తలచుకుంటారు. సాధారణంగా ఆ పున్నమికి వారం ముందే, శ్రావణ శుద్ధ సప్తమి ప్రాంతంలో, చైనాలో ఆడపిల్లలు ఆకాశంలోని నేతకన్యకు పూజ చేసి, తమ చేతులకు పనితనం ఇమ్మని వేడుకునేవారు. డాంగ్ యోంగ్ కోసం దిగివచ్చింది ఆ నేతకన్యే అని పాత కథనం. చైనావారు నేతకన్య అనే చుక్క మన అభిజిత్తు. పాలపుంతకు ఆవలి ఒడ్డున ఉన్న ఆమె భర్త, పశువుల కాపరి, మన శ్రవణం. రెండు దేశాలూ నేతను ఆకాశానికి ఎత్తాయి, నేసే మనిషిని మాత్రం అప్పుల్లో వదిలేశాయి.

పితృఋణాన్ని ఎలా తీర్చాలో చూపిన మనిషి ఒకరు పోచంపల్లిలోనే ఉండేవారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు దళితులు సాగుకు 80 ఎకరాలు అడిగారు. మీలో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా ఊరివారిని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూమిలో కొంత అర్హులకు పంచాలన్నది కీర్తిశేషుడైన తన తండ్రి కోరిక అని చెప్పారు. భూదానోద్యమం పుట్టింది అక్కడే. తండ్రి పేర గుడి కట్టించి ఉంటే ఎవరు కాదనేవారు? ఆయన తండ్రి మాటను భూమిలేని వారి చేతిలో పెట్టారు.

ఏప్రిల్ తొలి వారంలో చైనావారు చింగ్‌మింగ్ పండుగ నాడు పెద్దల సమాధులు ఊడ్చి, కాగితపు డబ్బు కాల్చి దండం పెడతారు. మనం పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇస్తాం, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. ఈ ఆచారాలు మానమని నేను చెప్పను. అవి మనిషికి వేరు తెలియజేస్తాయి. అయితే వేరుగా కాపురముండే పిల్లలు తల్లిదండ్రులను తరచుగా చూసిరావాలని చైనా 2013లో అమల్లోకి వచ్చిన చట్టంలోనే రాసుకోవలసి వచ్చింది. మన దేశం అంతకుముందే, 2007లో, తల్లిదండ్రుల పోషణ కోసం చట్టం చేసింది. పండుగలు ఇన్ని ఉన్న దేశాలకు ఈ చట్టాల అవసరం పడటం మనందరం తలవంచుకోవలసిన మాట.

చీర కొనే అమ్మలారా, అయ్యలారా! మగ్గం చీరకు ధర తగ్గించమని అడిగే ముందు ఆ 9,000 సార్లు ఆడిన చేతిని తలచుకోండి. పోచంపల్లి ఇక్కత్‌కు 2004–05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి అచ్చువేసిన బట్ట అమ్మేవారి దగ్గర కొనకండి. కొంటే ఆ తల్లుల కూలిలో కొంత మీరు లాగుకున్నట్టే.

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఇండ్ల నుంచి పట్నం పోయి కొలువులు చేస్తున్న బిడ్డలారా! మీ ఫీజులు కట్టింది ఆ ఆసు, ఆ మగ్గం. ఈ శ్రావణ పున్నమికి ఇంటికి పోయినప్పుడు అమ్మను ఏ భుజం నొస్తున్నదో అడగండి. ఏమీ లేదు బిడ్డా అంటుంది, ఆ మాట నమ్మకండి. మరునాడే వైద్యుని దగ్గరికి తీసుకుపోండి. ఇంట్లో ఇంకా చేతి ఆసే ఉంటే, మీ జీతంలో నుంచి యంత్రం కొనిపెట్టండి.