వేగులవాడు పక్కనుంటే ఎవరిని నమ్మాలి?



మన వాడల్లో ఒక మాట తరచూ వినపడతా ఉంటుంది. "వాడు స్పెషల్ బ్రాంచి మనిషంట, వాడి ముందు ఏం మాట్లాడకండి." ఎవరు చెప్పారంటే తెలియదు. బందరు మీటింగులో కొత్త కుర్రాడు వెనక కూచుని ఏదో రాసుకున్నా అనుమానమే. నిజమో కాదో తేలకముందే ఆ పిల్లాడు రావటం మానేస్తాడు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1948 తరువాత కమ్యూనిస్టుల్ని పట్టటానికి మద్రాసు ప్రభుత్వం కృష్ణా జిల్లాలో మలబారు పోలీసుల్ని దించింది. 1949లో గుడివాడ వైపు ఎలమర్రులో, ఉయ్యూరు పక్క కాటూరులో మగవాళ్ల బట్టలూడదీయించి గాంధీ విగ్రహం ముందు నడిపించారు. పరాయి భాష పోలీసులకి ఏ గడ్డివామి చాటున ఎవరు పడుకున్నారో ఎలా తెలుస్తుంది? ఊళ్లోవాడే చెప్పాలి. ఒకడు దెబ్బలకి ఓర్వలేక చెబుతాడు, ఒకడు పాత పగతో చెబుతాడు. దాక్కున్నవాడికి ఇంత గంజి పోసిన పాలేరు పక్కింట్లో దీపం ఆరిందో లేదో కూడా చూసుకోవాల్సిన రోజులవి.

బుద్ధుడి కాలంలోనూ ఈ పని ఉంది. సంయుత్త నికాయంలో జటిల సుత్తం చూడండి. శ్రావస్తిలో జటాధారులు, దిగంబరులు, పరివ్రాజకులు వెళ్తుంటే ప్రసేనజిత్తు రాజు మోకాలు నేలకానించి దండం పెట్టి, వీళ్లు అరహంతులై ఉంటారని బుద్ధుడితో అంటాడు. తరువాత వాళ్లు తన వేగులేనని తానే ఒప్పుకుంటాడు. (కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా తాపస వేషంలో వేగుల్ని పెట్టమంటుంది. రహస్య పోలీసు తెల్లవాడితో వచ్చింది కాదు.)

బుద్ధుడు వాళ్లని తరిమెయ్యమనలేదు. వేషం చూసి మనిషిని తేల్చలేమన్నాడు. శీలం కలిసి బతికితే తెలుస్తుంది, నిజాయితీ ఇచ్చిపుచ్చుకుంటే తెలుస్తుంది, గుండెబలం ఆపదలో, ప్రజ్ఞ చర్చలో. అదీ చాలాకాలం, శ్రద్ధగా గమనిస్తేనే. మూడోది దివిసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. అబద్ధమాడనని శీలం తీసుకున్నాం కదా, పోలీసు అడిగితే నిజం చెప్పాలి కదా అని ఒక తమ్ముడు అడిగాడు. వేగు మోసేది నిజమే కావచ్చు. కానీ సమ్యక్ వాక్కులో అబద్ధం ఒక్కటే కాదు, పిసుణవాచ కూడా కూడదన్నారు. ఇక్కడి మాట అక్కడికి మోసి మనుషుల్ని విడదీయటం అది. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింస గురించి రాస్తూ నియమం వేరు, సూత్రం వేరు అన్నారు. నాలుగో శీలానికీ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. నోరు మూసుకోవటం అబద్ధం కాదు.

దెబ్బలకి నోరు విప్పిన కూలివాణ్ణి, జీతానికి మోసినవాణ్ణి ఒకే గాటన కట్టటం నాకు ఒప్పదు. మొదటివాడి మీద కరుణ చూపాలి. అతని పిల్లల్ని మూడు తరాలు "వేగుగాడి బిడ్డలు" అని పిలవటం పిసుణవాచకి ఏం తీసిపోతుంది?

ఇక ఆ వెనక కూచున్న కుర్రాడి సంగతి. ఈసారి వస్తే చాపలు పరవమనండి, త్రిశరణం చెప్పించండి. నాలుగు నెలలు పోయాక డిసెంబరు 6 చందా పుస్తకం చేతికిచ్చి చూడండి. మన మీటింగులో దాచుకునేదేముంది, గట్టిగానే మాట్లాడుకుందాం.