కూడలి మారినా మిగిలేదేమి?

మట్టిముద్ద కుండ అవుతుంది. కుండ పగిలి పెంకులవుతుంది. అవస్థలు మారినవే గాని ద్రవ్యం నశించలేదని విశిష్టాద్వైత సంప్రదాయం బోధిస్తున్నది. కుండ విషయంలో సులభంగా అంగీకరించే ఈ మాటను నిత్యం నడిచే వీథికి అన్వయించవలసి వచ్చినప్పుడు మాత్రం మనస్సు తడబడుతుంది. రాయి నిలిచినంత మాత్రాన ఆ చోటు నిలిచినట్లేనా?

హైదరాబాదులోని మొజంజాహి మార్కెట్టు కూడలినే తీసుకొందాం. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి వేలాది ప్రాణాలను హరించింది. ఆ విపత్తు పిదప 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు పేటలను తొలగించి విశాలమైన వీథులు వేయించింది. ఇండ్లు పోయినవారి కోసం నాంపల్లి, మల్లేపల్లి మొదలగు చోట్ల కొత్త గృహాలను కూడ కట్టించింది. ఈ రెండవ పనిని చరిత్ర చెప్పేవారు తరచు మరచిపోతారు. 1935లో కూడలిలో గ్రానైటు రాతితో అంగడి వెలసింది. ఏడవ నిజాము రెండవ కుమారుని పేరే దానికి పెట్టారు.

అక్కడి పండ్ల వర్తకం కాలక్రమాన గడ్డిఅన్నారానికి పోయింది. 2021లో అక్కడినుండి కూడ కదలి నగరం వెలుపలి బాటసింగారం చేరింది. చేరువనే ఉన్న జాంబాగు పూలబజారు గుడిమల్కాపురానికి తరలింది. (అక్కడ జాంసింగ్ పేర ప్రసిద్ధమైన వేంకటేశ్వరాలయం కలదు గనుక, పూలు స్వామికి మరింత దగ్గరైనవని సంతోషింపవచ్చు.) మార్కెట్టు భవనం మాత్రం చిరకాలం నిరాదరణకు లోనై, 2018లో ఆరంభమైన పునరుద్ధరణతో మరల తేటపడింది. సమీపంలోని ఆబిడ్స్ కథ ఇందుకు విపర్యయం. ఆరవ నిజాము కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ అను అర్మీనియను అక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం ఏనాడో పోయింది. ఆ పేరు నేటికీ జనుల నోట నిలిచి ఉన్నది.

ఏది నిలిస్తే స్థలం నిలిచినట్లు? చేతనునిచే ధరింపబడి, నియమింపబడి, ఆ చేతనుని ప్రయోజనానికే ఉన్న ద్రవ్యం శరీరమని భగవద్రామానుజుల నిర్వచనం. పరుని కొరకై ఉండుటే శేషత్వం. కట్టడానికి దీనిని ఉపమానంగానే చెప్పవచ్చును గాని, ఆ మాత్రమే మనకు చాలా వెలుగునిస్తున్నది. గోడ గోడకోసం లేదు. కూలగొట్టేవారిని, కాపాడేవారిని కూడ అడుగవలసినది ఒక్కటే: ఇది ఎవరికొరకు?

మన ఊరి కోవెల ముందరి వీథిని వెడల్పు చేస్తామన్నప్పుడు రథం సుఖంగా తిరుగుతుందని ఆనందిస్తాము. ఆనందించవలసినదే. అయితే తరతరాలుగా ఆ మూలన కూర్చుండి తులసిమాలలు కట్టి ఇచ్చిన కుటుంబానికి ఎక్కడ చోటు చూపారో విచారించడం కూడ కైంకర్యంలో భాగమే. 1912 నాటి మండలికి తోచిన ఆలోచన భక్తులకు తోచకపోవడం శోభించదు.

మొజంజాహి మార్కెట్టులో రాళ్లు కడిగి వెన్నెలవలె మెరిపించిన నేర్పు కంటె, ఐస్‌క్రీము దుకాణాల ముందు సాయంకాలం పిల్లలతో నిలిచే సంసారాలే నాకు ఎక్కువ తృప్తినిస్తున్నవి. వారిలో చాలమందికి ఆ గడియార స్తంభం వయస్సు తెలియదు.