నరికి పారేసిన దుంగలు

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో 92 అంటే సగం. ఆడేవాళ్ళందరికీ ఇది పాత జోకే. నేనాడే ప్రతిలో ఏ విద్యలోనైనా పై మెట్టు 99, దానికి కావలసిన ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) 1,30,34,431. 92వ మెట్టు ఎక్కేసరికి పోగయ్యేది 65,17,253. అంటే ఇన్ని మెట్లెక్కడానికి ఎంత చాకిరీ చేశామో మిగిలిన ఏడింటికీ మళ్ళీ అంతా చెయ్యాలి. ఏడేసి మెట్లకోసారి భారం సుమారుగా రెట్టింపవుతూ పోయేలా కట్టారు ఆ లెక్కని. 2001లో ఇంగ్లండులో ఈ ఆట మొదలుపెట్టిన ఆండ్రూ గవర్‌కి మనిషి ఓపిక మీద ఎంత నమ్మకమో అనిపిస్తుంది.

నన్ను తొలిచేది మాత్రం ఆ లెక్క కాదు. లెక్క ముందే తెలిసి కూడా గొడ్డలి పట్టుకుని చెట్టు దగ్గరికి పోయేవాడికి అసలు కావలసిందేమిటన్నది. ఆ వెళ్ళేవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆటలో డ్రేనర్ అని ఒక ఊరు. బ్యాంకు పక్కనే, నీటి ఒడ్డున విల్లో చెట్లుంటాయి. చెట్టు మీద వేలితో ఒక్కసారి నొక్కితే మన బొమ్మ నిలబడి నరుకుతూ ఉంటుంది. దుంగ తెగినప్పుడల్లా తెర మీద ఒక అంకె పైకి తేలి మాయమవుతుంది: 67.5 ఎక్స్‌పీ. సంచిలో 28 గడులుంటాయి. అవి నిండాక దుంగల్ని బ్యాంకులో దాచుకోవచ్చు, లేదంటే అక్కడే కింద పారెయ్యొచ్చు. త్వరగా పైకి పోవాలనుకునేవాడు పారేస్తాడు. నేనూ పారేస్తాను. వేలితో టకటకా కొట్టుకుంటూ పోతే దుంగలన్నీ కాళ్ళ దగ్గర పడతాయి. వాటిని ఎవరూ తీసుకోకపోతే కాసేపటికి వాటంతటవే మాయమవుతాయి. అప్పటికి నేను ఇంకో చెట్టు మీద ఉంటాను.

ఫలం మీద ఆశ లేకుండా పనిచెయ్యమని నాకు బోధించినవాళ్ళు చాలామందే ఉన్నారు. చేసి చూపించినవాడు ఒక్కడూ లేడు. తీరా చూస్తే ఇక్కడ, ఈ ఒడ్డున, ఊళ్ళూ దేశాలూ వేరైన పాతికమంది వరసగా నిలబడి, తెగిన దుంగని తెగినట్టే నేలపాలు చేస్తున్నారు. ఇంతకంటే నిష్కామ కర్మ ఏముంటుంది? మొదట్లో అలా అనుకుని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. పారేసింది దుంగనే గాని అంకెని కాదు కదా. అది ఎవరికీ ఇవ్వలేనిది, ఎవరూ దొంగిలించలేనిది, నా పేరుకి అతుక్కుపోయినది. దుంగ కంటే అదే గట్టి ఫలం. పుణ్యం సంగతీ ఇంతే. అన్నం పెట్టి మరిచిపొమ్మంటారు. కానీ మరిచిపోయినందుకు కూడా ఖాతాలో ఎంతో కొంత జమ అవుతుందంటారు!

గమ్యం కాదు, ప్రయాణమే ముఖ్యమనేవాళ్ళ మాట కూడా ఇక్కడ చెల్లదు. ఈ ప్రయాణం పరమ విసుగు. ఒకే చెట్టు, ఒకే ఊపు. అంకె లేకపోతే ఒక్కడూ అక్కడ నిలబడడు. అంతా మాయే అనేవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. వాళ్ళు ఇంక్రిమెంటు రాకపోతే ట్రెజరీ చుట్టూ తిరగడం నేను చూశాను.

మా నాయనమ్మ రామకోటి రాసేది. కొవ్వూరు ఇంట్లో, వసారాలో, పీట మీద కూర్చుని. స్నానం చేశాక, కాఫీకి ముందు. అచ్చు పుస్తకం, చిన్న చిన్న గళ్ళు, గడికో 'శ్రీరామ'. పేజీ పూర్తయ్యాక అడుగున ఆ పేజీ లెక్క, పక్కన మొత్తం లెక్క. రోజుకి వెయ్యి చొప్పున రాసినా కోటికి పదివేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ళ పైన. ఆవిడ మొదలుపెట్టిందే అరవై దాటాక. ఆ లెక్క ఆవిడకి తెలియకపోలేదు. పాల లెక్క నోటితో కట్టే మనిషి.

శుక్లాలొచ్చి కళ్ళు మసకబారినప్పుడు మా బాబాయి, వేళాకోళం మనిషి, అన్నాడు: "అమ్మా, ఒక పేజీ రాసివ్వు, మిగతావి జిరాక్స్ తీయించి పట్టుకొస్తా." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అప్పుడు మోక్షం జిరాక్స్ మిషనుకే వస్తుందిరా" అంది. ఇల్లంతా నవ్వాం. ఈ ఆటలోనూ మనకి బదులు నరికే బాట్లుంటాయి. దొరికితే కంపెనీ ఖాతా మూసేస్తుంది. ఆ వార్త విన్నప్పుడల్లా నాకు ఆ జిరాక్స్ మిషనే గుర్తొస్తుంది.

నాకు అంతుపట్టనిది ఇంకొకటి. ఒక వానాకాలం తర్వాత పెట్టె తీస్తే ఒక పుస్తకానికి చెద పట్టింది. అట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంట్లోవాళ్ళం తలో మాటా చెప్పి ఓదార్చాం. రాసినవి రాసినట్టే కదా, రాముడికి తెలియదా అన్నాం. నాయనమ్మ ఆ సాయంత్రమే కొత్త పుస్తకం తీసింది. మొత్తంలోంచి పోయిన పుస్తకం లెక్క కొట్టేసి, వెనక్కి వచ్చిన అంకె దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. "రాముడికి తెలుసులే. నాకు తెలియొద్దూ?" అంది.

ఈ మాట అప్పుడు మొండితనంగా తోచింది. ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. రాసిన చెయ్యి ఆవిడదే, రాసిన పొద్దూ ఆవిడదే. చెద తిన్నది కాగితాన్ని మాత్రమే. ఆవిడకి కావలసింది నామమైతే అది పోలేదు. పుణ్యమైతే అదీ పోలేదు. అయినా తీసేసింది. కోటి పూర్తి కాకుండానే పోయింది కూడా. ఆ పుస్తకాలన్నీ భద్రాచలం తీసుకెళ్ళి అప్పగించాం. ఎన్ని రాశారని అక్కడ మమ్మల్ని ఎవరూ అడగలేదు.

రూన్‌స్కేప్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ఆట మారుతూ మారుతూ పాతవాళ్ళకి నచ్చని రూపానికి వచ్చాక, మా పాత లోకం మాకిచ్చెయ్యమని అడిగారు. ఓట్లు పెట్టారు. 2007 నాటి ప్రతిని బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు. ఊళ్ళు అవే, చెట్లు అవే. కానీ అందరూ మొదటి మెట్టు నుంచే. ఏళ్ళు పోసి సంపాదించిన 99లు పక్క లోకంలో భద్రంగానే ఉన్నాయి, ఇక్కడికి మాత్రం రావు. ఇంత బతుకూ బతికి మళ్ళీ విల్లో చెట్టా అని ఎవరైనా వెనక్కి తిరిగి ఉండొచ్చు. చాలామంది తిరగలేదు.

అక్కడే నా వాదం ఒక కొలిక్కి వచ్చిందనుకున్నాను. మనిషికి కావలసింది ఎక్కి కూర్చోవడం కాదు, ఎక్కుతున్నానని తెలియడం. అంతలో వెనిజులా అడ్డొచ్చింది. ఆ దేశంలో డబ్బు చిత్తుకాగితమైన రోజుల్లో, 2017 ప్రాంతంలో, అక్కడి కుర్రాళ్ళు ఇదే ఆటలో ఆకుపచ్చ డ్రాగన్లని చంపి, వాటి ఎముకలూ తోళ్ళూ అమ్మి, వచ్చిన ఆట బంగారాన్ని బయటివాళ్ళకి డాలర్లకి అమ్ముకున్నారు. ఆట నియమాలకి అది విరుద్ధం. వాళ్ళకి మెట్టుతో పనిలేదు, తోలుతోనే పని. పారేస్తే పూట గడవదు. వాళ్ళని పసిగట్టి వేటాడే కిటుకులు రాసి పంచుకున్న మహానుభావులూ ఉన్నారు. దుంగని నేలపాలు చెయ్యగలిగే నా వైరాగ్యానికి పునాది నెల మొదట్లో పడే జీతం అని ఆ కుర్రాళ్ళని చూశాకే ఒప్పుకున్నాను. కడుపు నిండినవాడికే లెక్క దుంగ కంటే ముద్దు.

ఆ జీతం దేనికంటే, నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఏటా జూన్‌లో మోల్ కాన్సెప్ట్. అదే ఉదాహరణ, అదే చోట అదే సందేహం, వెనక బెంచీలో అదే ఆవలింత. నేను ఏటికేడు బాగా చెబుతున్నానా, లేక చిలకనయ్యానా? తెలిసే దారి లేదు. ర్యాంకులొస్తే పిల్లల తెలివి, రాకపోతే మా ఖర్మ. జీతం లెక్క కాదా అంటారేమో. బాగా చెప్పినా చెప్పకపోయినా అది ఒకటే. చేసిన ప్రయత్నం ఏదీ వృథాగా పోదని, ఫలం మీద ఆశ వద్దన్న ఆ గీతలోనే ఇంకోచోట ఉంది. ఆ మాట నిలబెట్టుకున్నది నాకు తెలిసి రూన్‌స్కేప్ ఒక్కటే. ప్రతి దుంగకీ 67.5, ఠంచనుగా. నా పాఠాల్లో ఎన్ని గాల్లో కలిసిపోయాయో ఎవరు చెబుతారు? రాముడికి తెలుసేమో. నాకు తెలియొద్దూ?

ఈ మధ్య ఒక పని చేశాను. ఆటలో ఆ అంకె తేలకుండా అమర్చుకునే వీలుంది. దాన్ని ఆపేసి గొడ్డలి పట్టుకున్నాను. పట్టుమని పది నిమిషాలు నరకలేకపోయాను. ఆట కట్టెయ్యలేదు గానీ చెట్టు వదిలేసి ఊళ్ళమీద పడ్డాను. కరంజా దీవిలో చేపల రేవు చూశాను. ఇన్నాళ్ళుగా పక్కనుంచే పోతూ ఒక్కసారీ లోపల అడుగుపెట్టని కోటలున్నాయి, అవి చూశాను. ఏమీ పెరగలేదు. పొద్దుపోయింది, అంతే. హాయిగానే ఉంది.

ఈ పరీక్షలో చెట్లు నరకడం తప్పింది. చిత్రమేమిటంటే మోల్ కాన్సెప్ట్ నెగ్గింది. ఏ అంకే తేలకుండానే ఇన్నేళ్ళూ దాన్ని చెబుతూ వచ్చాను కదా. రామకోటి నెగ్గేదో లేదో నేను చెప్పలేను. లెక్క కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టిన మనిషి లెక్కకి లొంగిందనాలో, లెక్కని తనకి లొంగదీసుకుందనాలో తేలడం లేదు. నా సంగతి మాత్రం తేలింది. నేను చేసేది సాధన కాదు. చేసిన పనికి జాడ కనిపించే చోట కాసేపు కూర్చుని వస్తున్నాను.

మర్నాడే ఆ అంకెని మళ్ళీ పెట్టేసుకున్నాను. ప్రస్తుతం 87లో ఉన్నాను. లెక్కప్రకారం మూడో వంతు కూడా కాలేదు.