పూటపడిన భార్య

మన పల్లెలలో సొసైటీ అప్పునకు పూచీ సంతకము చేయుటనగా ఎంత భయమో మీరెరుగుదురు. అప్పు తీసికొన్నవాడు ఊరు విడిచినయెడల నోటీసు పూచీదారుని గుమ్మమునకే వచ్చును. అమెరికాలోనున్న మన బిడ్డలలో కొందరికి నేడిటువంటి సంతకమే ఎదురగుచున్నది. అది అప్పునకు గాదు, భర్తకొరకు.

ఒక యువకుడు సందర్శకుల వీసాపై అక్క యింటికి వెళ్లి, గడువు ముగిసినను తిరిగిరాక రెండేండ్లు అక్కడనే నిలిచిపోయెననుకొనుడి. తరువాత ఆ దేశపు పౌరురాలైన తెలుగు నర్సును వివాహమాడెను. ఇప్పుడామె అతని పక్షమున అర్జీ పెట్టవలెను. అతని తప్పునకు ఆమె యేల పూటపడవలెను?

మొదట చట్టము మాట. సక్రమముగా తనిఖీ పొంది ప్రవేశించినవాడు పౌరురాలి భర్తయైనచో, గడువు మీరి నిలిచినను, సాధారణముగా దేశము విడువకయే శాశ్వత నివాసమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. భార్యకు గ్రీన్ కార్డు మాత్రమే యున్నయెడల ఈ సడలింపు లేదు. అయితే గడువు మీరుటను మన్నించు ఆ చట్టమే, ముఖ్యవిషయములో తెలిసి ఆడిన అబద్ధమును జీవితాంతము అడ్డుగా నిలుపును. దానికి మినహాయింపు దొరకుట బహు కష్టము. కాగితముకొరకే కట్టిన తాళికి చెరసాలయు కలదు. "ఆ రెండేండ్ల సంగతి వ్రాయకుము, ఎవరికి తెలియును?" అను బంధువులు ప్రతి యింటను ఉందురు. మేలు చేయుచున్నామనియే తలంతురు, పాపము!

ఇక భార్య చేయు సంతకము. ప్రభుత్వము నిర్ణయించిన పేదరికపు రేఖలో 125 శాతమునకు తగ్గకుండ అతనిని పోషింతునని ఆమె ఒప్పుకొనును. అతడు పౌరుడగువరకు, లేక సుమారు పదేండ్ల పనికి సరిపడు 40 త్రైమాసికములు లెక్కకు వచ్చువరకు, లేక మరణించువరకు, లేక ఆ దేశమును శాశ్వతముగా విడుచువరకు ఆ మాట నిలుచును. విడాకులైనను తీరదు.

సామెతల గ్రంథము పూటపడువానిని గట్టిగా హెచ్చరించుచున్నది. అయినను ఆదికాండము 43వ అధ్యాయములో యూదా తన తమ్ముడైన బెన్యామీనుకొరకు తండ్రియెదుట పూటపడెను. నాకు తోచునదేమనగా, సామెతలు వారించునది ఆలోచింపక పడు పూటను. యూదాకు ప్రమాదమంతయు తెలిసియే యుండెను. కనుక "ప్రేమయున్నచో సంతకము చేయుము" అని ఆమెను తొందరపెట్టుట మనకు తగదు. అతడు నిశ్చితార్థమునకు ముందే తన గడువు సంగతి చెప్పెనా? పెండ్లియైన తరువాతనే చెప్పినయెడల, ఆమె కోపమును ప్రేమలేనితనమనరాదు. ఆ సంతకమునకు ముందు ఆమెకు చెల్లవలసిన బాకీ నిజమే.

మరియొకటి. ఊరిలో అతని తల్లి మంచము పట్టినదనుకొనుడి. ఏడాదియో అంతకు మించియో అక్రమముగా నిలిచినవాడు దేశము విడిచినచో, 1996లో చేసిన చట్టము ప్రకారము పదేండ్లు తిరిగి రాకుండ అడ్డు. 180 దినములు దాటి ఏడాదికి లోపైనచో మూడేండ్లు. అర్జీ నడుచుచుండగా ముందుగా ప్రయాణానుమతి పొంది, ముసలి తలిదండ్రులను చూచుటకు వచ్చిన భారతీయ దంపతుల విషయములో, అట్టి ప్రయాణము ఆ పదేండ్ల అడ్డును తేదని అక్కడి వలస అప్పీళ్ల మండలి 2012లో తీర్పు చెప్పెను. అనుమతి లేక పరుగెత్తి వచ్చినవాడు తల్లిని చూచును. భార్యయొద్దకు మరల ఎప్పుడు చేరునో! కావున "కొడుకును రానీయని కోడలు" అని ఊరిలో అనుకొనుటకు ముందు, ఆ అనుమతి పత్రము వచ్చినదా అని యొకసారి అడిగి చూడుడి.