ఉయ్యాలపడక

మనుష్యుడు తాను పండుకొన్న నేలపై గుర్తేమియు మిగుల్పక లేచిపోయినచో, వానివలన ఆ చోటికి కీడు కలుగలేదని చెప్పవచ్చునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో తగులలేదు. గడచిన చలికాలమున దివిసీమలో, అవనిగడ్డకు దిగువనున్న యొక కొబ్బరితోటలో, రెండు చెట్లనడుమ వ్రేలాడుచున్న బట్టయుయ్యాలను చూచినప్పుడు కలిగినది.

గుడివాడ ప్రాంతమునుండి వచ్చి బందరులో మాయొద్ద చదువుకొని, అమెరికాలో స్థిరపడిన పూర్వవిద్యార్థి యొకడు మేనమామ యింటికి వచ్చి మమ్ము పిలిపించెను. అతడచ్చట ఏటేట శరదృతువున కొండలకుపోయి లేళ్లను వేటాడునట. బాటలు లేని యడవిలో రాత్రులు గడుపుటకు గుడారము విడిచి ఈ యుయ్యాలను మోసికొనిపోవును. ఆంగ్లేయులు దీనిని హేమక్ అందురు. ఆ మాట వారిది కాదు. కరీబియను దీవులందలి తైనో జాతివారిది. 1492లో కొలంబసు అచ్చట దిగినప్పుడు ఈ పడకలను చూచెను. పిమ్మట ఐరోపా నావికులు ఓడలలో వీనినే వాడుకొనిరి. మనకును ఇది క్రొత్త కాదు. ఊడ్పులవేళ తల్లులు గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీర కట్టి పసివానిని పండుకొనబెట్టెడి ఉయ్యాలకిది పెద్దన్న వంటిది.

అతడు దాని మర్మములన్నియు విప్పిచెప్పెను. బట్ట వెంబడి నిలువుగా పండుకొన్నచో వెన్ను వంగును. ఏటవాలుగా పండుకొన్నచో చదునగును. ఒంటిబరువుచే క్రిందిదుప్పటి అణగి వెచ్చదనము నిలుపజాలదు గనుక, ఆ దుప్పటిని ఉయ్యాలకు వెలుపల వ్రేలాడగట్టవలెను. వాననీరు త్రాటివెంట పడకలోనికి పారకుండ నడుమ నొక దారము కట్టినచో నీరు దానివెంట క్రిందికి కారిపోవును. త్రాడు అడ్డగీతతో 30 డిగ్రీల వాలున నున్నచో, 60 కిలోల మనుష్యునికి ఒక్కొక్క వైపు త్రాటిపై 60 కిలోల లాగుడు పడును. చదునుగా నుండవలెనని బిగించి వాలును 10 డిగ్రీలకు తగ్గించినచో ఆ లాగుడు 170 కిలోలు దాటును. సన్నని త్రాడు బెరడును కోయును గనుక వెడల్పుపట్టీ వాడవలెను.

“తెల్లవారి మూట కట్టుకొనిపోయినచో గడ్డిపోచ వంగి యుండదు. అడవికి నేనే గాయమును చేయను మాస్టారూ” అని యతడు ముగించెను.

“మరి లేడికో, నాయనా?” అని మేమడిగితిమి.

అతడు కొంతసేపు పలుకలేదు. పిదప, అచ్చట వేటకు అనుమతిపత్రము, కాలనియమము, సంఖ్యానియమము కలవనియు, తాను చంపినదానిని వృథాచేయక చలికాలమంతయు తిందుననియు, 1937లో పుట్టిన చట్టము ననుసరించి తుపాకులపైనను తూటాలపైనను వేసెడి పన్ను వన్యమృగరక్షణకే పోవుననియు చెప్పెను. అటుపిమ్మట, “మాస్టారూ, మీరు మాంసము ముట్టరు. మీరు తినెడి యన్నములో ఎలుకల నెత్తురు లేదందురా?” అనెను.

మాకు మాట రాలేదు. పదునైదేండ్ల క్రిందట మా తరగతిలో యానాది బాలుడొకడుండెను. కోతలవేళ తండ్రితో ఎలుకలు పట్టబోవుటచే బడికి రాలేదని వాడు చెప్పగా పిల్లలందరు నవ్విరి. మేము వారిని వారింపలేదు. పైగా జీవహింస పాపమని వానికే పాఠము చెప్పితిమి. ఆ బొరియలు ఎవరి చేలలోనివో, ఆ ధాన్యము ఎవరి గాదెలకు చేరునో అడుగవలెనని మాకు తోచలేదు. వాడు తలవంచుకొని కూర్చుండెను. కొలది దినములకే బడి మానెను.

భారతారణ్యపర్వమందలి ధర్మవ్యాధుని కథ మేమెన్నిమారులో బోధించితిమి. తనపై రెట్టవేసిన కొంగను కోపదృష్టితో చంపిన కౌశికుడు, ధర్మము నెరుగుటకై మిథిలలో మాంసము విక్రయించువాని యొద్దకు పోవలసివచ్చెను. నాగలి సాగునప్పుడు మంటిలోని జీవులెన్నియో చచ్చునని ఆ వ్యాధుడే యతనికి చెప్పెను. కథ మాకు కంఠస్థము. అయినను తరగతిలో మేము కౌశికుని పీటమీదనే కూర్చుంటిమి.

అట్లని అందరును హింసకులే గనుక హద్దు లక్కరలేదన్న వాదమును మేమంగీకరింపము. మనదేశమున 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము వేటను నిషేధించినది. అది మేలు చేసినది. సొర్లగొంది, నాచుగుంట మడయడవులలో నీటిపిల్లి నేడు చట్టపు నీడలో బ్రతుకుచున్నది. కాని తుపాకి యెన్నడును పట్టనివారు త్రవ్వించిన రొయ్యలచెరువులు ఆ తీరమున తక్కువగా లేవు. వేటగాడు తాను చంపినదాని కన్నులు చూచును. మనము కంచములోని మెతుకులనే చూతుము. చూడకపోవుట నిర్దోషత్వము కాదు.

సాయంకాలము ఆ విద్యార్థి మమ్ముకూడ ఉయ్యాలలో పండుకొనుమనెను. నేలను తాకకుండ తేలుచున్నట్లే యుండెను. ఇంతలో పట్టీ కిఱ్ఱుమన్నది. తలయెత్తి చూడగా మా బరువంతయు ఆ రెండు చెట్లమీదనే యున్నది. నేలపై ముద్ర లేనంతమాత్రమున భారము లేకపోలేదు. మోయువారు వేరైరి, అంతియ. ఈ సంగతి దివిసీమవారికి ఉపమానము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు చెట్లను కరచిపట్టుకొని ప్రాణములు దక్కించుకొన్నవారున్నారు.

భారమే లేని బ్రతుకు మనకు సాధ్యము కాదు. మోయుచున్న దెవరో యెరుగుట, వారిని చులకన చేయకుండుట, త్రాడు వారిని కోయకుండ పట్టీని వెడల్పు చేయుట, మన సుఖమునకై దానిని మిక్కిలి బిగింపకుండుట మాత్రము సాధ్యము. మేము దిగి, త్రాడు కొంచెము వదులుచేయుమని యతనితో చెప్పితిమి. ఆ యానాది బాలునికి చెప్పవలసిన మాట యింకను మాయొద్దనే యున్నది. వాడెక్కడనున్నాడో విచారించుచున్నాము.